పాత మియాటాను ఇంటి గ్యారేజీలోనే బాగుచేసుకోవడం ఎలా

ముందే చెప్పేస్తున్నాను, హార్స్‌పవర్ పెంచే సంగతి ఇందులో చివర్న కొన్ని వాక్యాలే ఉంటుంది. అది నా అనుభవం నేర్పిన వరస. 1992 మాజ్డా మియాటా కొన్న మొదటి నెలలోనే నేను దానికి పొట్టి స్ప్రింగులు, మెరిసే ఇన్‌టేక్ గొట్టం, కొత్త స్టీరింగ్ వీలు కొన్నాను. అప్పటికి దాని బ్రేక్ ఆయిల్ కాఫీ డికాక్షన్ రంగులో ఉంది, సస్పెన్షన్ బుష్‌లు చీలిపోయి ఉన్నాయి, రేడియేటర్ పైన ప్లాస్టిక్ టాంకు రంగు మారిపోయి ఉంది. వీటిలో ఒక్కటీ నేను చూడలేదు. మూడో వారంలో డాలస్ ఎండలో టోల్ రోడ్డు పక్కన ఆవిరి కక్కుతూ ఆగిపోయింది. టో ట్రక్కు మీద ఇంటికొచ్చిన కారును వీడియో కాల్‌లో చూసి నాన్న అడిగిన ప్రశ్న ఒకటే: "ఒరేయ్, కారు కొన్నావా, ఇనప సామాను కొన్నావా?"

ముప్పై ఏళ్ళు దాటిన స్పోర్ట్స్ కారుకు మనం చేయగలిగిన పెద్ద అప్‌గ్రేడ్, అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఎలా నడిచేదో అలా నడిచేటట్టు చేయడమే. మిగతావన్నీ దాని తర్వాత.

మనకి మాజ్డా అంటే స్వరాజ్ మాజ్డా లారీయే గుర్తొస్తుంది కాబట్టి ఈ కారు గురించి కొంచెం. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో చూపించారు, అమెరికాలో 1990 మోడల్‌గా అమ్మారు. రెండు సీట్లు, గుడ్డ టాప్, ముందు ఇంజిన్, వెనక చక్రాలకు డ్రైవు, లేచి కూర్చునే హెడ్‌లైట్లు. 1993 వరకు 1.6 లీటర్ల ఇంజిన్, 116 హార్స్‌పవర్. 1994 నుంచి 1.8 లీటర్లు, మొదట్లో 128. బరువు దాదాపు వెయ్యి కిలోలే. 1997 వరకు వచ్చిన ఈ మొదటి తరం గురించే నేను రాస్తున్నది. విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి, బానెట్ కింద చెయ్యి పెట్టడానికి చోటుంటుంది, కంప్యూటర్ల గోల తక్కువ. సొంతంగా పని నేర్చుకోవాలనుకునే మనిషికి ఇంతకంటే మంచి కారు నాకు తెలియదు.

కొనేటప్పుడు ఎక్కడ చూడాలి

పెయింట్ చూడకండి, తుప్పు చూడండి. ఈ కారు తుప్పు పట్టే చోటు దాదాపు ప్రతిసారీ ఒకటే: తలుపు కింద ఉండే సిల్, అదీ వెనక చక్రానికి సరిగ్గా ముందు భాగం. ఎందుకంటే గుడ్డ టాప్ మీద పడ్డ వాన నీళ్ళు సీట్ల వెనక రెండు మూలల్లో ఉండే డ్రెయిన్ గొట్టాల గుండా కిందికి పోవాలి. ఆ గొట్టాల్లో ఆకులు, మట్టి ఇరుక్కుంటే నీళ్ళు సిల్‌లోకి దిగి లోపలి నుంచి తినేస్తాయి. పైకి చిన్న బుడగలా కనబడే పెయింటు వెనక చిల్లు ఉండొచ్చు. వేలి కణుపుతో కొట్టి చూడండి, ఖంగుమంటే ఇనుము, బొత్తిగా శబ్దం రాకపోతే పైన పుట్టీ మెత్తినట్టే. ఒక గ్లాసు నీళ్ళు తీసుకెళ్ళి ఆ మూలలో మెల్లగా పోయండి. వెనక చక్రం ముందు నుంచి నేల మీదికి కారితే డ్రెయిన్ బాగున్నట్టు. కారు మీదే అయితే, గడ్డి కోసే మిషన్‌లో వాడే నైలాన్ తీగను మెల్లగా దూర్చి శుభ్రం చేయండి. ఇనప తీగ వద్దు, గొట్టం చిరుగుతుంది.

1990 మోడల్, 1991 తొలి కార్లలో ఇంకో జబ్బు ఉంది. క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) ముక్కు పొట్టిగా ఉంటుంది. ఎప్పుడో ఎవరో టైమింగ్ బెల్ట్ (పిస్టన్ల కదలికకు సరిగ్గా వాల్వులు తెరుచుకునేలా చేసే బెల్ట్) మార్చి మధ్య బోల్ట్ సరిగ్గా బిగించకపోతే, లోపలి కీ అరిగిపోయి పుల్లీ ఊగడం మొదలవుతుంది. ఇంజిన్ ఆన్ చేసి పుల్లీ ముందు నిలబడి చూడండి, వణుకుతూ తిరుగుతోందంటే ఆ కారు వదిలేయండి. ఆపాక పుల్లీ మధ్య భాగంలో గాట్లు లెక్కపెట్టండి: నాలుగుంటే పొట్టి ముక్కు, ఎనిమిదుంటే పొడుగు ముక్కు. పొట్టి ముక్కు అయినంత మాత్రాన పాడైనట్టు కాదు, కానీ బేరానికి పనికొస్తుంది.

రేడియేటర్ పై టాంకు మొదట్లో నల్లగా ఉంటుంది. గోధుమ రంగులోకి తిరిగితే పగలడానికి సిద్ధమైనట్టు లెక్క. నాది సరిగ్గా ఆ రంగులోనే ఉండింది, "పాత కారు కదా, పాతబడినట్టుంది" అనుకున్నాను.

టెక్సస్‌లో ఉండేవాళ్ళకి ఒక సౌకర్యం. 24 ఏళ్ళు దాటిన కారుకు ఇక్కడ పొగ పరీక్ష అక్కర్లేదు, 2025 జనవరి నుంచి సొంత కార్లకు ఏటా చేసే సేఫ్టీ తనిఖీ కూడా తీసేశారు. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళు మాత్రం ఇంజిన్‌లో ఏ మార్పు చేసినా ముందు అక్కడి పొగ నిబంధనలు చదువుకోండి. ఇంకోటి, చాలా కాలనీల్లో విప్పిన కారును డ్రైవ్‌వేలో ఉంచితే హెచ్ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళ నుంచి ఉత్తరం వస్తుంది. పని గ్యారేజీ లోపలే పెట్టుకోండి, లేదా సాయంత్రానికల్లా కారు చక్రాల మీద నిలబడేలా ప్లాన్ చేసుకోండి.

సరంజామా

10, 12, 14, 17, 21 మిల్లీమీటర్ల సాకెట్లుంటే ఈ కారులో చాలా పనులు అయిపోతాయి. వీటితో పాటు ఒక మంచి టార్క్ రెంచి (బోల్ట్‌ను ఎంత బలంగా బిగిస్తున్నామో అడుగు-పౌండ్లలో చూపించేది), తుప్పు వదిలించే స్ప్రే, 4 మి.మీ. ఎలెన్ కీ (ఎందుకో బ్రేకుల దగ్గర చెప్తాను), టైమింగ్ లైట్ కావాలి. ఏడాదికోసారి వాడే పనిముట్లు కొనక్కర్లేదు, ఇక్కడ పెద్ద ఆటో పార్ట్స్ షాపులు డిపాజిట్ కట్టించుకుని ఇస్తాయి, తిరిగిస్తే డబ్బు వెనక్కి. వాడేసిన ఇంజిన్ ఆయిల్ కూడా చాలా షాపులు ఉచితంగానే తీసుకుంటాయి, కాలవలో పోయకండి.

జాక్ విషయం మాత్రం ఆటలు కాదు. జాక్ లేపడానికే, మోయడానికి కాదు. ముందు భాగం లేపాలంటే ఇంజిన్ కింద అడ్డంగా ఉన్న క్రాస్ మెంబర్ మధ్యలో, వెనక అయితే డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకూ పవర్ పంచేది) గుండు కింద పెట్టి లేపండి. తర్వాత సిల్ కింద గట్టిగా కట్టిన చోట జాక్ స్టాండ్లు పెట్టండి. నేల చదునుగా ఉండాలి, నేల మీదున్న చక్రాలకు అడ్డుగా ఇటుకో చెక్కో ఉండాలి. కిందికి దూరేముందు కారును రెండు చేతులతో గట్టిగా ఊపండి. పడేదైతే మీరు బయట ఉన్నప్పుడే పడుతుంది. మా ఇంట్లో రూలు ఏంటంటే, నేను కారు కింద ఉన్నప్పుడు ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. మా ఆవిడ పెట్టిన రూలు అది, నేను కాదనలేదు.

మొదటి శనివారం: ఆయిళ్ళన్నీ మార్చడం

పాత యజమాని "అన్నీ మార్చాను సార్" అన్నా నమ్మకండి, మళ్ళీ మార్చండి. ఇంజిన్ ఆయిల్ 10డబ్ల్యు-30, ఫిల్టర్‌తో కలిపి దాదాపు మూడున్నర లీటర్లు పడుతుంది, డిప్‌స్టిక్ చూస్తూ పోయండి. ఫిల్టర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద దాక్కుని ఉంటుంది, చెయ్యి దూర్చి తిప్పుతుంటే మోచేతి దాకా ఆయిల్ కారుతుంది. అది మామూలే. చల్లారిన ఇంజిన్ మీదే చేయండి, లేకపోతే చెయ్యి కాలుతుంది. స్టార్ట్ చేయగానే టిక్ టిక్ అని కుట్టు మిషన్ శబ్దం వస్తే కంగారు పడకండి. వాల్వుల మీద ఉండే హైడ్రాలిక్ లిఫ్టర్లలోకి ఆయిల్ సరిగ్గా ఎక్కక వచ్చే శబ్దం అది, ఈ ఇంజిన్లలో మామూలు. కొత్త ఆయిల్ పోసి రెండు వందల మైళ్ళు తిరిగేసరికి నా కారులో చాలావరకు తగ్గింది.

గేర్‌బాక్స్‌కి 75డబ్ల్యు-90 జీఎల్-4 ఆయిల్, రెండు లీటర్లు. జీఎల్-5 అని రాసున్నది గేర్‌బాక్స్‌లో పోయకండి, అందులో ఉండే రసాయనాలు గేర్లు మెత్తగా పడేలా చేసే ఇత్తడి సింక్రోలకు మంచివి కావు. డిఫరెన్షియల్‌కి మాత్రం జీఎల్-5యే కావాలి. 1.6 కారుకి 0.65 లీటరు, 1.8 కారుకి ఒక లీటరు.

ఇక్కడ ఒక్క నియమం గుర్తుపెట్టుకోండి: ఆయిల్ పోసే పైబోల్ట్ ముందు విప్పండి, అది ఊడి వచ్చాకే కింది బోల్ట్ ముట్టుకోండి. నేను కింద నుంచి ఆయిలంతా కార్చేసి, ఆ తర్వాత పైబోల్ట్ దగ్గరికి వెళ్తే అది కదల్లేదు. ముప్పై ఏళ్ళుగా ఎవరూ విప్పలేదు మరి. ఆదివారం సాయంత్రం, గేర్‌బాక్స్ ఖాళీ, సోమవారం ఆఫీసు. పక్క వీధిలో ఉండే ఫ్రెండు నాలుగు అడుగుల ఇనప పైపు తీసుకుని వచ్చాడు. "బావా, రెంచి వెనక ఈ పైపు తొడుగు, ఇద్దరం వేలాడదాం" అన్నాడు. ఊడింది. ఆ పైపు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

గేర్ లివరు కింద రెండు రబ్బరు బూట్లుంటాయి. కన్సోల్ నుంచి వేడి గాలి కాళ్ళకు తగులుతుంటే అవి చిరిగినట్టే. మార్చేటప్పుడు లివరు దిగే గుంటలో దాదాపు 80-90 మి.లీ. గేర్ ఆయిల్ వేరే పోయాలి, ఇది చాలామంది మర్చిపోతారు. ఆ రెండు బూట్లు, ఆ కాస్త ఆయిల్, అంతే, గేర్లు వెన్నలా పడతాయి. చలికాలం పొద్దున్నే రెండో గేరు కాస్త గరగరమంటే మాత్రం సర్దుకుపోండి, అది ఈ కారు గుణం.

బ్రేకులు

ముందు ప్యాడ్లు మార్చడం తేలిక, ఏ కారుకైనా ఇంతే కాబట్టి వదిలేస్తున్నాను. జనం బోల్తా పడేది వెనక. హ్యాండ్ బ్రేక్ యంత్రం వెనక చక్రాల కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కేది) లోపలే ఉంటుంది, అందుకని పిస్టన్‌ను సీ-క్లాంపుతో నొక్కితే లోపలికి పోదు. ఇంకా గట్టిగా నొక్కితే లోపలి యంత్రం విరుగుతుంది. కాలిపర్ వెనక 14 మి.మీ. బోల్ట్ ఒకటి మూతలా ఉంటుంది. అది విప్పితే లోపల 4 మి.మీ. ఎలెన్ కీ పట్టే గుంట కనబడుతుంది. దాన్ని ఎడమకు తిప్పుతుంటే పిస్టన్ దానంతటదే వెనక్కి పోతుంది. కొత్త ప్యాడ్లు పెట్టాక కుడికి తిప్పుతూ డిస్కు బిగుసుకునేదాకా తెచ్చి, అక్కడి నుంచి మూడో వంతు చుట్టు వెనక్కి వదలండి. చక్రం చేత్తో తిప్పితే కొంచెం రాసుకుంటూ తిరగాలి. హ్యాండ్ బ్రేక్ పనిచేయట్లేదని కేబుల్ మార్చేసేవాళ్ళున్నారు, ఎక్కువసార్లు కావలసింది ఈ సర్దుబాటే.

బ్రేక్ ఆయిల్ డాట్ 3 లేదా డాట్ 4. పాతది కార్చేయడానికి, బ్రేక్ మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసేది) దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి దగ్గరి చక్రం దాకా రండి. ఇద్దరు మనుషుల పని ఇది. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటారు, రెండోవారు కాలిపర్ మీది బ్లీడర్ (ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) విప్పి, ఆయిల్ పోగానే బిగించి, "వదులు" అనాలి. బిగించకముందే వదిలితే గాలి లోపలికి పోతుంది, మళ్ళీ మొదటి నుంచి. మా ఆవిడ తొక్కుతూ ఫోన్ చూసుకుంటూ రెండుసార్లు ముందే వదిలేసింది. మూడోసారి నుంచి "తొక్కానండీ", "వదలమంటారా" అని ప్రతి అడుగూ గట్టిగా చెప్పుకున్నాం, సరిపోయింది. డబ్బాలో ఆయిల్ అడుగుకు పోకుండా మధ్యమధ్య పోస్తుండాలి. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్ళతో కడిగేయండి, బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది.

చక్రాల నట్లు 65 నుంచి 87 అడుగు-పౌండ్ల మధ్య, నేను 80 దగ్గర పెడతాను. ఎదురెదురుగా బిగించండి, వరసగా కాదు.

టైమింగ్ బెల్ట్, నీళ్ళ పంపు, రేడియేటర్: మూడూ ఒకేసారి

ఇది పెద్ద పని. మొదటిసారి అయితే రెండు రోజులు పెట్టుకోండి. బెల్ట్‌ను 60,000 మైళ్ళకోసారి మార్చాలి. మంచి సంగతి ఏంటంటే ఈ ఇంజిన్‌లో బెల్ట్ తెగినా పిస్టన్లు వాల్వులకు తగలవు, కారు ఆగిపోతుంది అంతే. అందుకే మొదటిసారి టైమింగ్ బెల్ట్ నేర్చుకోవడానికి ఇది మంచి ఇంజిన్ అంటాను, ఒక పన్ను అటూ ఇటూ పెట్టినా ఇంజిన్ చావదు.

అన్నీ కలిపి ఎందుకు అంటే, బెల్ట్ దగ్గరికి పోవడానికి కూలెంట్ తీయాలి, పై గొట్టం తీయాలి, నీళ్ళ పంపు పుల్లీ తీయాలి. అంత దూరం వెళ్ళాక పంపు, థర్మోస్టాట్, క్యామ్‌ల (వాల్వులు తెరిచే ఇరుసుల) సీళ్ళు, క్రాంక్ ముందు సీలు మార్చకుండా మూసేస్తే ఆరు నెలల్లో మళ్ళీ అదే పని చేయాల్సి వస్తుంది. రేడియేటర్ కూడా అప్పటికే సగం విప్పి ఉంటుంది.

వరస ఇలా. డిక్కీలో బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ బకెట్‌లోకి వదలండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు తాగితే చచ్చిపోతాయి, వెంటనే మూత పెట్టండి. నీళ్ళ పంపు పుల్లీ బోల్టులు బెల్ట్ ఉండగానే కొంచెం వదులు చేయండి, బెల్ట్ తీశాక పుల్లీ మీతో పాటే తిరుగుతుంది. తర్వాత బయటి బెల్టులు, గాలి గొట్టం, స్పార్క్ ప్లగ్ వైర్లు, వాల్వ్ కవరు, క్రాంక్ పుల్లీ చుట్టూ ఉన్న నాలుగు 10 మి.మీ. బోల్టులు, చివరికి ప్లాస్టిక్ కవర్లు. తీసిన ప్రతి బోల్టూ ఎక్కడిదో రాసి అట్టముక్కకు గుచ్చండి. ఫోటోలు కూడా తీయండి, ఆదివారం సాయంత్రం మీ జ్ఞాపకశక్తి శనివారం పొద్దున ఉన్నట్టు ఉండదు.

ముందు సీలు మార్చాలంటే మధ్యలో ఉన్న 21 మి.మీ. బోల్ట్ విప్పాలి. ఐదో గేరులో పెట్టి ఒకరు బ్రేకు గట్టిగా తొక్కితే ఇంజిన్ తిరగదు, పొడుగు రెంచితో విప్పొచ్చు. మళ్ళీ బిగించేటప్పుడు పొడుగు ముక్కు క్రాంక్‌కి 116 నుంచి 123 అడుగు-పౌండ్లు. పొట్టి ముక్కుకి ఇంత పెట్టకూడదు, దానికి 80 నుంచి 87. పైన చెప్పిన ఊగే పుల్లీ జబ్బుకు మూలం ఈ ఒక్క బోల్టే, ఇక్కడ అందాజాగా బిగించకండి.

పాత బెల్ట్ తీసేముందు గుర్తులు కలపండి. ఇంజిన్‌ను ఎప్పుడూ గడియారం తిరిగే వైపే తిప్పాలి. క్రాంక్ పళ్ళ చక్రం మీది గీత పైన ఉన్న గుర్తుకు, రెండు క్యామ్ పుల్లీల మీద I, E అక్షరాలు వాటి వెనక పలక మీది గీతలకు కలవాలి. కొత్త బెల్ట్ వేశాక I గుర్తు నుంచి E గుర్తు దాకా బెల్ట్ మీద పళ్ళు లెక్కపెడితే 19 ఉండాలి. గీతలు కళ్ళకు సరిగ్గా ఆనకపోయినా ఈ లెక్క మోసం చేయదు. నేను మొదటిసారి లెక్కపెట్టినప్పుడు 20 వచ్చింది, బెల్ట్ తీసి మళ్ళీ వేశాను.

బెల్ట్‌ను బిగువుగా పట్టే టెన్షనర్ దగ్గర చాలామంది తొందరపడతారు. స్ప్రింగు లాగుతుండగా లాక్ బోల్ట్ వదులుగా ఉంచి, క్రాంక్‌ను రెండు చుట్లకు ఆరో వంతు తక్కువ తిప్పి, అక్కడ పలక మీద ఉండే టెన్షన్ గుర్తు దగ్గర ఆపి అప్పుడు బోల్ట్ బిగించాలి. వేలితో బెల్ట్ నొక్కి "చాలు" అనుకోకూడదు. ఆ తర్వాత చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్ళీ చూడండి. ఎక్కడైనా అడ్డుకున్నట్టు అనిపిస్తే ఆగండి, బలం పెట్టకండి.

వాల్వ్ కవర్ గాస్కెట్ వేసేటప్పుడు మూలల్లో, క్యామ్ క్యాపులు కలిసే చోట కాస్త సిలికాన్ పెట్టండి. దాని బోల్టులు అల్యూమినియంలోకి పోతాయి, చిన్న రెంచితో రెండు వేళ్ళ బలం చాలు.

కూలెంట్ మొత్తం ఆరు లీటర్ల దాకా పడుతుంది. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. ముందు భాగం జాక్‌తో కాస్త ఎత్తి, హీటరు పూర్తి వేడి మీద పెట్టి, మూత తీసి ఇంజిన్ నడపండి, బుడగలు ఆగేదాకా పోస్తూ ఉండండి. గాలి లోపల ఉండిపోతే టెంపరేచర్ ముల్లు పైకీ కిందికీ నాట్యం చేస్తుంది.

ఇంజిన్ వెనక నుంచి ఆయిల్ కారుతుంటే

గేర్‌బాక్స్ కలిసే చోట ఆయిల్ తడి కనబడగానే చాలామంది మెకానిక్కులు "వెనక మెయిన్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి" అంటారు. నాకూ అలాగే ఒక పెద్ద అంకె చెప్పారు. తీరా చూస్తే ఇంజిన్ తల వెనక క్యామ్ యాంగిల్ సెన్సర్‌కి ఉండే రబ్బరు ఓ-రింగు ఎండిపోయి, అక్కడి నుంచి కారి కిందికి దిగుతోంది. ముందు చేత్తో తడిమి పై నుంచి చూడండి, తడి ఎక్కడ మొదలవుతుందో. సెన్సర్‌కి ఒకటే 12 మి.మీ. బోల్ట్. విప్పేముందు సెన్సర్ మీదా ఇంజిన్ మీదా కలిసేలా పెన్నుతో గీత గీయండి. రింగు ఖరీదు రూపాయల్లో చెప్పుకునేంత, పనిలో కష్టమంతా చోటు లేకపోవడమే, అడ్డున్న కాయిల్ ప్యాక్ తీస్తే చెయ్యి పడుతుంది.

పెట్టాక ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పడుతోందో) చూసుకోవాలి. డ్రైవర్ వైపు బానెట్ కింద డయాగ్నోసిస్ అని రాసున్న చిన్న నల్ల డబ్బా ఉంటుంది. అందులో టీఈఎన్, జీఎన్‌డీ అనే రెండు రంధ్రాలను చిన్న తీగతో కలిపి, ఇంజిన్ వేడెక్కాక 850 ఆర్‌పీఎం దగ్గర టైమింగ్ లైట్ పెడితే 10 డిగ్రీలు ఉండాలి. సెన్సర్‌ను కాస్త తిప్పి సర్దుకోవచ్చు. ఖరీదైన పెట్రోలే పోస్తామనుకునేవాళ్ళు 14 దాకా తీసుకెళ్తారు, కింది ఆర్‌పీఎంలో తేడా తెలుస్తుంది. ఈ కారులో పైసా ఖర్చు లేని అప్‌గ్రేడ్ ఇదొక్కటే. నాక్ శబ్దం వస్తే వెనక్కి తెచ్చేయండి.

1995 వరకు వచ్చిన కార్లలో చెక్ ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ కూడా అక్కర్లేదు. అవే రెండు రంధ్రాలు కలిపి, స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేస్తే లైటు మిణుకుతూ కోడ్ చెప్తుంది. 1996 నుంచి మామూలు స్కానర్ పెట్టుకోవచ్చు. కారు దడదడలాడుతుంటే ముందు ప్లగ్ వైర్లు మార్చి చూడండి, తర్వాతే ఖరీదైన అనుమానాలు.

క్లచ్ ఒక పొద్దున నేలకు అంటుకుంటే

అంటుకుంటుంది, ఈ కారుంటే ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. క్లచ్ ప్లేటు పోయిందని భయపడకండి. గేర్‌బాక్స్ కుడి పక్కన స్లేవ్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను తోసేది) ఉంటుంది, దాని రబ్బరు టోపీ పక్కకి లాగి చూడండి, లోపల తడిగా ఉంటే అదే కారణం. రెండు 12 మి.మీ. బోల్టులు, ఒక పైపు, అంతే. ధర నలుగురం బిర్యానీకి వెళ్ళొచ్చినంత. స్లేవ్ మార్చిన కొన్ని వారాలకే చాలాసార్లు పెడల్ దగ్గరుండే క్లచ్ మాస్టర్ సిలిండర్ కూడా పోతుంది, కొత్త సీలు వచ్చి పాతదాని బలహీనత బయటపెడుతుంది కాబట్టి. రెండూ కలిపి మార్చేయండి. నేను ఒక్కటే మార్చి రెండోసారి అదే నేల మీద పడుకున్నాను.

కరెంటు, టాప్, చిల్లర పనులు

బ్యాటరీ డిక్కీలో ఉంటుంది కాబట్టి మామూలు యాసిడ్ బ్యాటరీ పెట్టకూడదు. గాలి బయటికి పోయే గొట్టాలున్న ఏజీఎం రకమే తీసుకోండి. లేకపోతే యాసిడ్ ఆవిరి డిక్కీ ఇనుమును తినేస్తుంది. వెనక కిటికీ ప్లాస్టిక్ అయితే టాప్ దించేముందు జిప్ తీసి కిటికీని విడిగా పడుకోబెట్టండి, చలిలో మడిస్తే పగులుతుంది. స్టీరింగ్ వీలు మార్చాలనుకుంటే అందులో ఎయిర్‌బ్యాగ్ ఉందని మర్చిపోకండి. నేను మార్చాను, ఇప్పుడైతే మార్చను.

సస్పెన్షన్: ఇక్కడే కారు మళ్ళీ పుడుతుంది

నాలుగు మూలలా డబుల్ విష్‌బోన్, అంటే ప్రతి చక్రాన్నీ పైనొకటి, కిందొకటి రెండు ఆర్మ్‌లు పట్టుకుంటాయి. కాగితం మీద అద్భుతం, కానీ అన్నేళ్ళ రబ్బరు బుష్‌ల మీద అది వదులైన మంచంలా ఊగుతుంది. కొత్త షాకులు, కొత్త బుష్‌లు వేశాకే అసలు ఈ కారు ఎందుకంత పేరు తెచ్చుకుందో నాకు అర్థమైంది.

పని మొదలుపెట్టడానికి వారం ముందు నుంచే రోజూ సాయంత్రం అలైన్‌మెంట్ బోల్టుల మీద తుప్పు స్ప్రే కొడుతూ ఉండండి. అవి ఇరుక్కుపోతే బుష్‌తో పాటు కోయాల్సిందే. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, రబ్బరు బుష్‌లు వేసినప్పుడు ఆర్మ్‌ల బోల్టులు కారు గాల్లో ఉండగా పూర్తిగా బిగించకండి. రబ్బరు లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, కారు దింపగానే రబ్బరు మెలి తిరిగి అలాగే ఉండిపోతుంది, ఏడాదిలో చిరుగుతుంది. వదులుగా పెట్టి, కారు బరువు చక్రాల మీదికి వచ్చాక బిగించండి. ర్యాంపులుంటే ఈ పని సులువు. తర్వాత అలైన్‌మెంట్ షాపులో ముందు చక్రాలకు ఒక డిగ్రీ, వెనక ఒకటిన్నర డిగ్రీల నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వంగి ఉండడం) అడగండి, రోడ్డు మీదికి అది బాగుంటుంది.

ఇప్పుడు అప్‌గ్రేడ్ల సంగతి

టైర్లు మొదట. టైరు గోడ మీద డాట్ కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి, 2315 అంటే 2015లో 23వ వారం తయారైంది అని. గాట్లు ఎంత లోతుగా ఉన్నా పదేళ్ళ టైరు రాయిలా ఉంటుంది. నాకు ఈ కారుతో వచ్చినవి అలాంటివే, వాన రోడ్డు మీద ఒక మలుపులో ఆ సంగతి తెలిసింది. అసలు సైజు 185/60ఆర్14, గాలి 26 పీఎస్ఐ. పెట్రోల్ బంకు కుర్రాడు 35 కొట్టమంటాడు, వద్దు, కారు తేలిక.

హెడ్‌లైట్లు ఏడు అంగుళాల గుండ్రనివి, మన అంబాసిడర్ లైటు సైజే. అమెరికా కార్లకు వచ్చిన మూసిన బల్బుల బదులు బల్బు మార్చుకునే హెచ్4 గాజు పెట్టుకోండి, అరగంట పని, రాత్రిపూట తేడా చాలా ఉంటుంది.

1.6 కారు ముందు డిస్కులు 235 మి.మీ., 1.8 కారువి 255. పాత సామాను యార్డుల్లో 1.8 కారు కాలిపర్ బ్రాకెట్లు దొరికితే పెద్ద డిస్కులు వేసుకోవచ్చు. రోడ్డు మీద తిరగడానికి మాత్రం మంచి ప్యాడ్లే చాలు. టాప్ లేకుండా వేగంగా తిరిగేవాళ్ళు రోల్ బార్ (కారు బోర్లా పడితే తలకు కాపుగా ఉండే ఇనప కమ్మి) వేసుకోండి.

పవర్ గురించి: ఈ ఇంజిన్లకు టర్బో పెట్టేవాళ్ళున్నారు, బాగానే నడుస్తాయి. కానీ 1.6 కార్ల డిఫరెన్షియల్ చిన్నది, అదనపు పవర్ కింద ముందు విరిగేది అదే. క్లచ్, రేడియేటర్, డిఫరెన్షియల్, ఇంధనం లెక్కలు అన్నీ మారతాయి. నేను పెట్టలేదు.

అన్నీ అయ్యాక 50 మైళ్ళు తిరిగొచ్చి చక్రాల నట్లు, ఆర్మ్‌ల బోల్టులు మళ్ళీ ఒకసారి టార్క్ రెంచితో చూడండి, కూలెంట్ తగ్గిందేమో చూసి పోయండి, రాత్రి కారు కింద ఒక తెల్ల అట్ట పరిచి పొద్దున చూడండి. నా అట్ట మీద నిన్న పొద్దున ఒక చుక్క ఉంది, డిఫరెన్షియల్ కిందా కాదు, ఇంజిన్ కిందా కాదు, మధ్యలో. వచ్చే శనివారం మళ్ళీ ఎత్తాలి.